కరెంటు పోయినా పోకూడని అంకెలు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పరికరాల్లోని జ్ఞాపకం గురించే. కాటా, మీటరు, లాగర్, పాత ఆసిలోస్కోప్... పేర్లు వేరైనా బాధ ఒక్కటే: దాచిన అంకె ఒకటి, తిరిగి వచ్చిన అంకె ఇంకొకటి. దగ్గరదగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఏటీమెగా 328పీ మైక్రోకంట్రోలర్, 20 కిలోల లోడ్‌సెల్ (బరువు కొలిచే సెన్సర్), దాని సిగ్నల్‌ను అంకెగా మార్చే హెచ్‌ఎక్స్711 చిప్‌తో ఇంట్లో వాడకానికి కాటా చేశాను. క్యాలిబ్రేషన్ (తెలిసిన బరువుతో సరిచూసి తేల్చిన) అంకెలు చిప్‌లోని ఈఈప్రామ్‌లోనే (కరెంటు లేకున్నా నిలిచే జ్ఞాపకం) దాచాను. నెలకో రెండు నెలలకో కరెంటు పోయి వచ్చాక, 2 కిలోల రాయి పెడితే ఒకసారి 1.3 అని, ఇంకోసారి 48 అని చూపిస్తోంది. మళ్లీ క్యాలిబ్రేట్ చేస్తే బాగానే ఉంటుంది. చిప్ పాడైనట్టేనా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చిప్‌కి ఏమీ కాలేదండి. కరెంటు పోయేటప్పుడు 5 వోల్టులు ఒక్కసారిగా సున్నా కావు, కెపాసిటర్లు ఖాళీ అవుతూ మెల్లగా దిగుతాయి. ఈ చిప్ 16 మెగాహెర్ట్జ్ మీద నడవాలంటే కనీసం 3.8 వోల్టుల దాకా కావాలి. అంతకంటే దిగాక కూడా ప్రాసెసర్ ఆగదు, తప్పుగా నడుస్తుంది. ఒక ఆదేశాన్ని ఇంకో ఆదేశంగా చదివి, మీ ప్రోగ్రాంలో ఈఈప్రామ్ రాసే భాగంలోకి దూకినా దూకవచ్చు. దీన్ని ఆపడానికే చిప్‌లో బ్రౌన్ అవుట్ డిటెక్టర్ ఉంది, ఓల్టేజీ ఒక హద్దు దిగితే చిప్‌ను రీసెట్‌లో ఆపి ఉంచుతుంది. కానీ ఆర్డుయినో ఊనో బోర్డుల్లో అది 2.7 వోల్టుల దగ్గర పెట్టి వస్తుంది. అంటే 3.8 నుంచి 2.7 దాకా చిప్ అదుపు లేకుండా తిరుగుతుంది. మీ అంకెలు చెడేది ఎక్కువగా అక్కడే.

చిప్ సెట్టింగులుండే బైట్లను ఫ్యూజ్‌లంటారు. వాటిలో ఎక్స్‌టెండెడ్ ఫ్యూజ్‌ను హెక్స్ (16 ఆధారంగా రాసే సంఖ్య) ఎఫ్‌డీ నుంచి ఎఫ్‌సీకి మార్చండి, హద్దు 4.3 వోల్టులకు వస్తుంది. ఇది బూట్‌లోడర్‌తో (యూఎస్‌బీ గుండా ప్రోగ్రాం ఎక్కించుకునే చిప్‌లోని చిన్న ప్రోగ్రాం) కుదరదు, చిప్ పిన్‌లకు నేరుగా తగిలించే ఐఎస్‌పీ ప్రోగ్రామర్ కావాలి. అదే చేత్తో హై ఫ్యూజ్‌ను డీఈ నుంచి డీ6 చేస్తే, ఇకపై ఐఎస్‌పీతో చిప్‌ను చెరిపి కొత్త ప్రోగ్రాం ఎక్కించినా ఈఈప్రామ్ చెరగదు. ఒక జాగ్రత్త: 4.3 అనేది చిప్‌ను బట్టి 4.5 దాకా ఉండవచ్చు. నాసిరకం యూఎస్‌బీ కేబుల్‌తో నడిపితే బోర్డు ఊరికే రీసెట్ అవుతుంది. అప్పుడు కేబుల్ మార్చండి, ఫ్యూజ్‌ను వెనక్కి తిప్పకండి.

ఇంతటితో సగం పనే అయింది. ఈ చిప్ ఈఈప్రామ్‌లో ఒక్కో బైట్ రాయడానికి 3.4 మిల్లీసెకన్లు పడుతుంది. మీ క్యాలిబ్రేషన్ ఫ్యాక్టర్ (రీడింగును బరువుగా మార్చే అంకె) ఫ్లోట్, అంటే 4 బైట్ల దశాంశ సంఖ్య, దాదాపు 14 మిల్లీసెకన్లు. ఆ మధ్యలో రీసెట్ వస్తే, ఓల్టేజీ సరిపడా ఉన్నంతవరకు అప్పటికే మొదలైన బైట్ పూర్తవుతుంది కానీ తర్వాతివి రాయబడవు. రెండు కొత్త బైట్లు, రెండు పాత బైట్లు కలిసి ఒక మూడో అంకె పుడుతుంది. అది చూడ్డానికి మామూలు అంకెలాగే ఉంటుంది. మీ 1.3 కిలోలు ఇలాంటి అంకె పుట్టించిన తూకమే కావచ్చు. 48 అయితే చూడగానే తప్పని తెలుస్తుంది. అసలు ప్రమాదం 1.3తోనే, ఎవరైనా నమ్మేస్తారు.

అందుకని రెండు చోట్ల దాచాలి, ఏది నమ్మదగ్గదో చదివేటప్పుడు తేల్చుకోవాలి. 16 బైట్ల రికార్డు ఇలా పెట్టుకోండి: వెర్షన్ 1 బైట్, వరుస సంఖ్య 1, సున్నా రీడింగు 4, ఫ్యాక్టర్ 4, క్యాలిబ్రేషన్‌కు వాడిన బరువు గ్రాముల్లో 2, ఖాళీ 2, చివర సీఆర్‌సీ (మిగతా బైట్లు చెడ్డాయో లేదో పట్టించే లెక్క సంఖ్య) 2. ఇలాంటివి రెండు, ఒకటి 16వ అడ్రసు నుంచి, రెండోది 32 నుంచి. కొత్తది రాయాల్సి వచ్చినప్పుడు ఎప్పుడూ పాతదాని మీదే రాయండి, తాజాదాన్ని ముట్టుకోకండి. ముందు డేటా, ఆఖరున సీఆర్‌సీ. రాశాక వెంటనే చదివి పోల్చి చూసుకుని, అప్పుడే ఆ అంకెలను వాడకంలోకి తీసుకోండి.

ఆన్ చేయగానే రెండు రికార్డుల సీఆర్‌సీలూ సరిచూడాలి. రెండూ బాగుంటే వరుస సంఖ్య తాజాగా ఉన్నది తీసుకోండి. 255 తర్వాత 0 వస్తుంది కాబట్టి నేరుగా పెద్దదేదని చూడకూడదు. తేడాను 8 బిట్ల గుర్తు ఉన్న సంఖ్యగా తీసి, ధనమా రుణమా అని చూడాలి. ఒక్కటే బాగుంటే దాన్ని వాడి, రెండోదాన్ని దాని నుంచి తిరిగి రాసేయండి. రెండూ చెడితే? చాలామంది ఇక్కడ 1.0 లాంటి డిఫాల్ట్ పెట్టి ముందుకు పోతారు. అలా వద్దు. డిస్‌ప్లే మీద క్యాలిబ్రేషన్ తప్పు అని చూపించి కాటా ఆగిపోవాలి. తూకం చూపని కాటాతో నష్టం లేదు, తప్పు తూకం చూపే కాటాతో ఉంది.

సీఆర్‌సీ బదులు బైట్లన్నీ కూడిన మొత్తం సరిపోదా అని అడుగుతారేమో. చాలదు. రికార్డంతా సున్నాలైపోతే మొత్తం కూడా సున్నాయే, సరిపోయినట్టే కనిపిస్తుంది. రెండు బైట్లు తారుమారైనా కూడిక మారదు. 16 బిట్ల సీసీఐటీటీ సీఆర్‌సీ వాడండి, మొదలు విలువ హెక్స్‌లో నాలుగు ఎఫ్‌లు. మొదలు విలువ సున్నా పెడితే ఆ సున్నాల బాధ ఇక్కడా వస్తుంది. ఏవీఆర్ లైబ్రరీలో ఈ ఫంక్షన్ సిద్ధంగానే ఉంది, కొత్తగా రాసుకోనక్కర్లేదు.

ఇంకో మాట. క్యాలిబ్రేషన్ రాసే ఫంక్షన్ మొదట్లోనే ఒక పిన్‌ను చదివి, ఆ పిన్‌కు జంపర్ పెట్టి ఉంటేనే ముందుకు పోయేలా చేయండి. ప్రోగ్రాం దారి తప్పి వచ్చినా చాలాసార్లు అక్కడ ఆగిపోతుంది. టేర్ (గిన్నె బరువు తీసేసి సున్నా చూపించే మీట) నొక్కిన ప్రతిసారీ ఈఈప్రామ్‌లో రాసే అలవాటు ఉంటే మానండి, అది ర్యామ్‌లో ఉంటే చాలు.

అంతా అయ్యాక పరీక్ష. ఇంకో బోర్డుకు రిలే తగిలించి, రాయడం మొదలైన క్షణం నుంచి 0–200 మిల్లీసెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు కాటా సరఫరా తెగేలా చేసి, కనీసం 500 సార్లు తిప్పండి. ప్లగ్గు చేత్తో పీకి చూడటం పరీక్ష కాదు. రెండు రికార్డులూ ఒకేసారి చెడటం ఒక్కసారి కూడా జరగకూడదు.

ఇంటి వాడకం అన్నారు కాబట్టి సరే. అమ్మకానికి వాడే కాటా అయితే లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 కిందికి వస్తుంది. ముద్ర వేయించాలి, ఆ సీలు విప్పి లోపలి అంకెలు మార్చడం నేరం.

ప్రశ్న: మోటారు ఎన్ని నిమిషాలు నడిచిందో లెక్కపెట్టే మీటరు చేశాను, అదే చిప్. ప్రతి నిమిషం ఈఈప్రామ్‌లో ఒకే చోట రాస్తాను. రైట్ బదులు అప్‌డేట్ ఫంక్షన్ వాడుతున్నాను కాబట్టి ఆయుష్షుకు ఢోకా లేదు కదా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉందమ్మా. అప్‌డేట్ చేసేదల్లా, ఉన్న విలువా కొత్త విలువా ఒకటే అయితే రాయకుండా వదిలేయడం. కౌంటరులో పై బైట్లు అరుదుగా మారతాయి, వాటికి మేలే. కానీ ఆఖరి బైట్ ప్రతి నిమిషం మారుతుంది. ఒక చోట 1,00,000 సార్లు రాయడం వరకే కంపెనీ హామీ. రోజుకు 1,440 నిమిషాలు, ఆగకుండా నడిస్తే 69 రోజులకే హామీ అయిపోతుంది. ఆ తర్వాత వెంటనే చావదు, కానీ ఎప్పుడు చస్తుందో చెప్పలేం.

చోటు మారుస్తూ రాయండి. ఈఈప్రామ్ 1,024 బైట్లు. మొదటి 64 సెట్టింగులకు వదిలితే 960 మిగులుతాయి. 8 బైట్ల రికార్డులు – కౌంటు 4, సీఆర్‌సీ 2, ఖాళీ 2 – 120 పడతాయి. ఒక్కో నిమిషం ఒక్కో గడిలో రాస్తూ, చివరికి వెళ్లాక మొదటికి రండి. ఆయుష్షు 120 రెట్లు, అంటే 22 ఏళ్ల పైమాట. ఆన్ చేసినప్పుడు 120 గడులూ చదివి, సీఆర్‌సీ సరిపోయినవాటిలో పెద్ద కౌంటు ఏదో అదే తాజాది. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్క గడి చెడుతుంది, దాని ముందుది ఉంటుంది, మీకు పోయేది ఒక్క నిమిషం. వేరే వరుస సంఖ్య అక్కర్లేదు, కౌంటే ఆ పని చేస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎవరైనా మీటరును సున్నా చేయమంటే? సున్నా రాశారో, పాత గడిలోని పెద్ద అంకే మళ్లీ గెలుస్తుంది. అందుకని మొత్తం కౌంటును ఎన్నడూ వెనక్కి తిప్పకండి. సున్నా నొక్కినప్పుడు అప్పటి కౌంటును సెట్టింగుల్లో రాసుకుని, చూపించేటప్పుడు తీసేయండి.

ప్రతి నిమిషం అసలు రాయకుండా, కరెంటు పోయేటప్పుడు మాత్రమే రాసే పద్ధతీ ఉంది. 12 వోల్టుల అడాప్టరు, ఆ తర్వాత 1ఎన్4007 డయోడ్, కెపాసిటర్, 7805 (5 వోల్టులిచ్చే రెగ్యులేటరు). డయోడ్‌కు ముందు నుంచి 82 కిలోఓమ్‌లు, 10 కిలోఓమ్‌లు డివైడర్‌గా కలిపి చిప్‌లోని కంపారేటర్‌కు (రెండు ఓల్టేజీలు పోల్చే భాగం) ఇవ్వండి, రెండో వైపు లోపలి 1.1 వోల్టుల రిఫరెన్సు. 10.1 వోల్టుల దగ్గర ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వెంటనే చూడమనే పిలుపు) వస్తుంది. ఆ 1.1 అనేది చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉంటుంది కాబట్టి, అధ్వాన్నంగా 9.2 దగ్గర వస్తుందనుకోండి. డయోడ్ 0.7 పోను కెపాసిటర్ మీద 8.5. రెగ్యులేటరుకు కనీసం 7 కావాలి. మీ చేతిలో ఉన్నది 1.5 వోల్టులు. 8 బైట్లు రాయడానికి 27 మిల్లీసెకన్లు, 30 అనుకుందాం. బోర్డు 40 మిల్లీఆంపియర్లు తాగితే: 0.04 ఇంటు 0.03 భాగించు 1.5, అంటే 800 మైక్రోఫారడ్లు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ కొత్తదే 20 శాతం తక్కువ ఉండవచ్చు, ఏళ్లు గడిస్తే ఇంకా తగ్గుతుంది. 2,200 మైక్రోఫారడ్లు, 25 వోల్టులది పెట్టండి. ఇంటరప్ట్ రాగానే మొదట రిలే, బ్యాక్‌లైటు ఆపాలి, తర్వాతే రాయాలి. రిలే కాయిల్ ఒక్కటే 70 మిల్లీఆంపియర్లు లాగితే పై లెక్క గల్లంతు. పైగా ఇది కరెంటు పోయినప్పుడే పనికొస్తుంది. ప్రోగ్రాం వేలాడి, దాన్ని కనిపెట్టే వాచ్‌డాగ్ టైమరు రీసెట్ చేస్తే ఇంటరప్ట్ రాదు, ర్యామ్‌లోని లెక్క పోతుంది. కనుక గంటకోసారి గడుల్లో రాయడం కూడా ఉంచుకోండి.

ఇంత తతంగం వద్దనుకుంటే ఎఫ్‌ర్యామ్ (కరెంటు లేకున్నా డేటా నిలిచే, వేగంగా రాసుకునే జ్ఞాపకం) చిప్ వేయండి. ఎంబీ85ఆర్‌సీ256వీ 32 కిలోబైట్లు, రెండు తీగలతో మాట్లాడే ఐ2సీ పద్ధతి, 2.7 నుంచి 5.5 వోల్టులు, ఒక్కో బైట్‌కు లక్ష కోట్ల సార్ల హామీ, రాశాక ఆగాల్సిన పని లేదు. ఇందులో చదవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది, మీ వాడకానికి అది లెక్కలోది కాదు. అయితే రెండు బైట్ల మధ్య కరెంటు పోవడాన్ని ఎఫ్‌ర్యామ్ కూడా ఆపలేదు. సీఆర్‌సీ, రెండు కాపీలు దీనికీ కావాలి.

ప్రశ్న: ఉష్ణోగ్రత లాగర్‌లో 24సీ256 ఈఈప్రామ్ చిప్ (ఐ2సీ). 32 బైట్ల రికార్డు రాస్తే ఆఖరి రెండు బైట్లు ఎప్పుడూ హెక్స్ ఎఫ్‌ఎఫ్‌గానే వస్తున్నాయి. కొన్నిచోట్ల ముందు రాసిన రికార్డులూ చెడిపోతున్నాయి. రెండు చిప్‌లు మార్చాను. – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మూడోది కొనకండి. మీకు రెండు వేర్వేరు తప్పులు కలిశాయి.

ఆఖరి రెండు బైట్లు పోయేది ఆర్డుయినో వైర్ లైబ్రరీ వల్ల. ఏవీఆర్ బోర్డుల మీద దాని బఫర్ 32 బైట్లే. చిప్‌లోని అడ్రసుకు 2 బైట్లు అందులోంచే పోతాయి, డేటాకు మిగిలేది 30. ఎక్కువైనవి చప్పుడు లేకుండా పారేస్తుంది. రైట్ ఫంక్షన్ తిరిగి ఇచ్చే సంఖ్య చూస్తే తెలిసేది, దాన్ని చూసేవాళ్లు తక్కువ. 16 బైట్ల ముక్కలుగా రాయండి.

పాత రికార్డులు చెడేది పేజీ వల్ల. 24సీ256లో పేజీ 64 బైట్లు. ఒకే విడతలో రాసేటప్పుడు పేజీ చివరికి వచ్చాక చిప్ తర్వాతి పేజీకి వెళ్లదు, అదే పేజీ మొదటికి తిరుగుతుంది. 48వ అడ్రసు నుంచి 32 బైట్లు పంపారనుకోండి: 16 బైట్లు 48–63లో పడతాయి, మిగతా 16 వెళ్లి 0–15లో ఉన్నవాటిని తుడిచేస్తాయి. మీ రికార్డులు 32 గుణిజాల మీద మొదలైతే ఈ బాధ రాదు. ముందు ఒక హెడర్ పెట్టి అడ్రసులు జరిపి ఉంటారు. 16 బైట్ల ముక్కలు, 16 గుణిజాల అడ్రసులు – రెండు తప్పులూ ఒకేసారి పోతాయి. ఇదే ప్రోగ్రాంను 24సీ02 మీద వాడాలంటే మాత్రం అక్కడ పేజీ 8 బైట్లే, అడ్రసు కూడా ఒక్క బైటే.

ప్రతి విడత తర్వాత చిప్ లోపల రాసుకోవడానికి 5 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, అప్పటిదాకా పిలిచినా పలకదు. డిలే 5 పెట్టే బదులు, పలికేదాకా దాని అడ్రసు పంపుతూ చూడండి, 10 మిల్లీసెకన్లు దాటితే తప్పుగా తీసుకోండి. డబ్ల్యూపీ (రాయకుండా ఆపే) పిన్‌ను గాలికి వదలకండి: 10 కిలోఓమ్‌లతో పైకి లాగి, రాసేటప్పుడు మాత్రం కిందికి దించండి. చదువుతున్న మధ్యలో మీ బోర్డు రీసెట్ అయితే చిప్ ఎస్‌డీఏ (డేటా) తీగను కిందికి పట్టుకుని కూర్చోవచ్చు. స్టార్టయినప్పుడు ఎస్‌సీఎల్ (క్లాకు తీగ) మీద 9 క్లాకులు ఇస్తే వదిలేస్తుంది.

ప్రశ్న: కొత్త బోర్డులో ప్రోగ్రాం వేయగానే బరువు దగ్గర నాన్ అని ఇంగ్లిషు అక్షరాలు వస్తున్నాయి. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఖాళీ ఈఈప్రామ్ నిండా హెక్స్ ఎఫ్‌ఎఫ్‌లే ఉంటాయి. నాలుగు ఎఫ్‌ఎఫ్‌లను ఫ్లోట్‌గా చదివితే సంఖ్య కాని విలువ వస్తుంది, అదే మీ నాన్. ఒక రకంగా అదృష్టం, కనీసం కనిపించింది. మొదటి జవాబులోని రికార్డు పెట్టుకుంటే సీఆర్‌సీ దగ్గరే దొరికిపోతుంది.

ప్రశ్న: మా ల్యాబ్‌లో టెక్‌ట్రానిక్స్ 2465బీ ఆసిలోస్కోప్, హెచ్‌పీ 3458ఏ మల్టీమీటరు ఉన్నాయి. ఇప్పటిదాకా బాగానే పనిచేస్తున్నాయి. లోపల బ్యాటరీ అయిపోతే క్యాలిబ్రేషన్ పోతుందంటున్నారు. చిప్ ఇప్పుడే మార్చాలా? – ఒక అధ్యాపకుడు, వరంగల్

జవాబు: ముందు కాపీ తీయండి, మార్చడం తర్వాత. ఈ రెండింటిలోనూ క్యాలిబ్రేషన్ అంకెలు ఉండేది బ్యాటరీ మీద బతికే ర్యామ్‌లో. 3458ఏలోనూ, తర్వాతి కాలపు 2465బీల్లోనూ అది డల్లాస్ మాడ్యూల్. ర్యామ్, లిథియం సెల్ ఒకే నల్లటి పెట్టెలో పోతపోసి ఉంటాయి, సెల్ విడిగా మార్చడానికి వీల్లేదు. కంపెనీ చెప్పిన కనీస ఆయుష్షు 10 ఏళ్లు, అది మొదటిసారి పవర్ ఇచ్చినప్పటి నుంచి లెక్క. చిప్ మీద తేదీ ఉంటుంది, ఏడాది రెండంకెలు, వారం రెండంకెలు. మీవి ఎప్పుడో గడువు దాటి ఉంటాయి.

3458ఏను విప్పకుండానే జీపీఐబీ (పరికరాన్ని కంప్యూటరుకు కలిపే కనెక్షన్) ద్వారా క్యాలిబ్రేషన్ అంకెలు చదివి ఫైలు చేసుకోవచ్చు. ఈ రోజే చేయండి. అవి పోతే మళ్లీ 10 వోల్టులు, 10 కిలోఓమ్‌ల ప్రమాణాలతో క్యాలిబ్రేట్ చేయించాలి, ఆ స్థాయి ప్రమాణాలు కాలేజీల్లో ఉండవు.

2465బీకి పెట్టె విప్పక తప్పదు. పిక్చర్ ట్యూబ్ ఉన్న పరికరం, అధిక ఓల్టేజీ ఉంటుంది, ప్లగ్గు తీసి ఆగి, అనుభవం ఉన్నవాళ్లే చేతులు పెట్టాలి. డల్లాస్ మాడ్యూల్‌ను (డీఎస్1225 చిప్) వేడి ఎక్కువ కాకుండా పీకి టీఎల్866 లాంటి ప్రోగ్రామర్‌లో చదవండి. మూడుసార్లు చదివి మూడు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చండి; అంతా ఒకే బైట్ ఉంటే చదవడమే తప్పిందని అర్థం. ఫైలు పేరులో పరికరం సీరియల్ నంబరు, తేదీ పెట్టండి, ఎందుకంటే ఒక స్కోప్ అంకెలు ఇంకో స్కోప్‌కు పనికిరావు. తర్వాత బోర్డులో సాకెట్ వేసి, కొత్త చిప్‌లో ఆ ఫైలు ఎక్కించండి.

ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే డల్లాస్ చిప్‌ల్లో పాతవాటిని తుడిచి కొత్త తేదీ ముద్రించినవి చాలా ఉన్నాయి. ఒక నమూనా రాసి, వారం ఊరికే ఉంచి, మళ్లీ చదివాకే బోర్డులో పెట్టండి. దాని బదులు ఎఫ్‌ఎం1608 ఎఫ్‌ర్యామ్ వేయవచ్చా అని కొందరు అడుగుతుంటారు. కాళ్లు కలుస్తాయి కానీ, ఆ చిప్‌కు ప్రతిసారీ సీఈ (చిప్‌ను పనిలోకి పిలిచే) పిన్ పైకి వెళ్లి కిందికి రావాలి. సీఈని కిందే ఉంచి అడ్రసు మాత్రం మార్చే పరికరంలో తప్పు డేటా ఇస్తుంది. సర్క్యూటు చూడకుండా వేయకండి.

మొదట్లో వచ్చిన కొన్ని 2465బీల్లో మామూలు ర్యామ్, పక్కన సోల్డర్ చేసిన లిథియం సెల్ ఉంటాయి. అలాంటిదైతే రెండు ఏఏ ఆల్కలైన్ సెల్స్‌ను 1ఎన్5819 డయోడ్ గుండా పాత సెల్‌కు సమాంతరంగా తాకించి ఉంచి, ఆ తర్వాతే పాతది తీయండి. ఇలాంటి లో పవర్ ర్యామ్‌లకు డేటా నిలవడానికి 2 వోల్టులు చాలు, మీకు 2.9 దాకా అందుతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక దాని ప్లగ్గు గోడ నుంచి తీసేసి అప్పుడు తాకించండి. మొన ఎర్తయి ఉంటే ఆ తీగను నేలకు కలిపేస్తుంది, క్షణంలో అంతా పోతుంది.

ప్రశ్న: ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్‌లో ప్రిఫరెన్సెస్ లైబ్రరీతో క్యాలిబ్రేషన్ ఫ్యాక్టర్ దాస్తున్నాను. ఎర్రర్ ఏమీ రాదు, కానీ ఎప్పుడు చదివినా డిఫాల్ట్ 1.0 వస్తుంది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన ప్రోగ్రాంలో కీ (విలువను దాచే పేరు) చూడండి. క్యాలిబ్రేషన్, ఫ్యాక్టర్ రెండూ ఇంగ్లిషులో కలిపి రాశారు, 17 అక్షరాలు. హద్దు 15. దాటితే దాచదు, పుట్ ఫంక్షన్ సున్నా తిరిగి ఇస్తుంది, అంతే. పేరు కుదించండి, ఆ తిరిగి వచ్చే సంఖ్యను చూడండి. డిఫాల్ట్‌గా 1.0 వద్దు, ఫ్యాక్టర్ ఎన్నటికీ కాలేని 0 ఇవ్వండి, వస్తే పనిని ఆపేయండి. ఒక్కో కీ వరకు కరెంటు పోయినా పాత విలువ నిలుస్తుంది కానీ, సున్నా రీడింగు ఒక కీలో, ఫ్యాక్టర్ ఇంకో కీలో పెడితే ఒకటి కొత్తది ఒకటి పాతది అయ్యే వీలుంది. రెండూ కలిపి బైట్ల గుత్తిగా ఒకే కీలో దాచండి. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు ఫ్లాష్ మొత్తం చెరిపే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఇదీ పోతుంది, ముందు అది ఆపండి.